మన గుమ్మానికి వాళ్ల ఉత్తరాలు – 2వ పాఠం: కవరు విప్పకుండానే చదవడం

కిందటి పాఠంలో ఒక పని చెప్పాను. మనం కొన్న ఇంటికి పాత యజమానుల పేరున వచ్చే టపాను ఓ వారం పాటు విప్పకుండా, పారేయకుండా ఒక అట్టపెట్టెలో వేస్తూ ఉండమన్నాను. ఆ పెట్టె ముందు పెట్టుకుని కూర్చోండి. పక్కన ఓ పెన్ను, తెల్లకాగితం ఉంచుకోండి. ఈ పాఠం ఊరికే చదివితే ఎక్కదు, కవర్లు చేతిలో ఉండాలి.

పేరు చూడగానే "మనది కాదులే" అని పక్కన పడేస్తాం. పేరు వాళ్లదే కావచ్చు, సంగతి మాత్రం మీది కావచ్చు. పాత పేరుతో వచ్చే టపాలో కొంత ఆ మనిషి కోసం వస్తుంది, కొంత ఇంటి కోసం వస్తుంది, మిగిలింది ప్రత్యేకించి ఎవరి కోసమూ రాదు. దేని దారి దానిది. ఈ మూడింటినీ పైపై చూపుతో వేరుచేయడమే ఇవాళ్టి పాఠం.

పైపై చూపుతోనే ఎందుకు, విప్పితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది కదా అంటారా? బ్రిటన్‌లో 2000 నాటి పోస్టల్ సర్వీసెస్ చట్టం 84వ సెక్షను ప్రకారం, పొరపాటున మన ఇంటికొచ్చిందని తెలిసిన కవరును అవతలివాళ్లకు నష్టం చేసే ఉద్దేశంతో, సరైన కారణం లేకుండా విప్పడం నేరం. అమెరికాలో ఇంకాస్త గట్టిగా ఉంది. ఇతరుల వ్యవహారాలు తెలుసుకునేందుకో, ఉత్తరం వాళ్లకు అందకుండా చేసేందుకో దాన్ని తీసుకున్నా, విప్పినా, దాచినా, చించినా 5 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. రెండుచోట్లా ఉద్దేశమే కీలకం కాబట్టి, చూసుకోకుండా కరెంటు బిల్లనుకుని విప్పినవాళ్లు భయపడక్కర్లేదు. మళ్లీ అంటించి, "పొరపాటున విప్పాం" అని రాసి తిప్పి పంపితే సరిపోతుంది.

ఇప్పుడు పెట్టెలోంచి ఒక కవరు తీయండి. అడ్రసు సంగతి వదిలేసి వెనక్కి తిప్పండి. మూత అంటించిన చోట సన్నటి అక్షరాల్లో "అందని పక్షంలో ఈ చిరునామాకు పంపండి" అన్న వరస, దాని కింద ఓ పోస్టు బాక్సు నంబరు ఉంటాయి. పంపినవాళ్ల పేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. బ్యాంకులు, ఆసుపత్రులు, వసూళ్ల కంపెనీలు కావాలనే పేరు వేయకుండా వదిలేస్తాయి. మళ్లీ ముందుకు తిప్పండి. అడ్రసుకు పైనో కిందో అంకెలూ అక్షరాలూ కలిసిన వరస ఒకటి కనిపిస్తుంది. అది చాలాసార్లు పంపినవాళ్ల జాబితాలో ఈ అడ్రసుకున్న గుర్తు నంబరు. కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. స్టాంపు ఉండాల్సిన మూల చూడండి. అక్కడ అచ్చేసిన ముద్ర ఉంటే పెద్ద సంఖ్యలో ఒకేసారి పంపిన టపా అయి ఉండొచ్చు. కవరును మెల్లగా వంచి చూడండి. లోపల గట్టిగా అట్టముక్కలా తగిలితే బ్యాంకు కార్డు అయి ఉండొచ్చు, అలాంటిది పెట్టెలో ఒక్క రోజు కూడా ఉంచొద్దు. ఇంతవరకు చాలు. లైటుకు ఎదురుగా పట్టుకుని చూడటం, లోపలి అడ్రసు బయటికి కనిపించే కిటికీ కవరులోని కాగితాన్ని వేలితో పక్కకు జరపడం లాంటివి వద్దు, అవన్నీ విప్పడానికి దగ్గరి చుట్టాలే.

ఇంటి కోసం వచ్చేవి

ముందుగా వీటిని ఏరండి, ఎందుకంటే వీటిని నిర్లక్ష్యం చేస్తే నష్టపోయేది మీరే. ఆస్తి పన్ను, నీటి పన్ను, భవన సంఘం బకాయిలు, స్థలం కొలతలకు సంబంధించిన నోటీసులు ఈ రకం. అప్పు మనిషిని పట్టుకుని వెళ్తుంది, పన్ను చాలాచోట్ల ఇంటిని పట్టుకుని ఉంటుంది. కొన్నాక కూడా ఆస్తి పన్ను నోటీసు పాత పేరునే వస్తోందంటే రికార్డుల్లో పేరు మార్పిడి జరగలేదన్నమాట. రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, పేరు దానంతటదే మారుతుందని చాలామంది అనుకుంటారు. మ్యుటేషన్‌కు, అంటే ఆ పేరు మార్పిడికి, విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సిన చోట్లు చాలా ఉన్నాయి.

కవరు మీద పన్నుల శాఖ పేరో, నీటి సరఫరా సంస్థ పేరో కనిపిస్తే దాన్ని పోస్ట్‌మ్యాన్‌కు తిరిగి ఇచ్చేయకండి. విప్పనూ అక్కర్లేదు. కొనుగోలు దస్తావేజు నకలు, ఇంటి అసెస్‌మెంటు నంబరు పట్టుకుని ఆ కార్యాలయానికే వెళ్లండి, లేదా వాళ్ల వెబ్‌సైటులో చూసుకోండి. బకాయి ఎంతుందో, పేరు మారిందో లేదో అక్కడే తేలుతుంది. "వాళ్ల ఉత్తరం కదా" అని ఏడాదంతా తిప్పి పంపుతూ కూర్చుంటే పన్ను మీద వడ్డీ పెరుగుతూ పోతుంది, ఆ వడ్డీ కట్టాల్సింది ఇంట్లో ఉన్నవాళ్లే.

ఎవరి కోసమూ రానివి

ప్రకటనల కాగితాలు, కేటలాగులు, "ఈ ఇంట ఉన్నవారికి" అని రాసినవి. అమెరికాలో పాత పేరు పక్కనే "లేదా ప్రస్తుత నివాసి" అని అచ్చేసి ఉంటే అది మీదే, చెత్తబుట్టలో వేసుకోవచ్చు. అక్కడ తక్కువ రేటుతో పంపే ప్రకటనల టపాను, పంపినవాళ్లు ప్రత్యేకంగా కోరితే తప్ప, పోస్టాఫీసు వెనక్కి పంపదు, అక్కడే పారేస్తుంది. దాని మీద ఎర్ర సిరాతో "తిప్పి పంపండి" అని రాయడం సిరా దండగ. ఆపాలంటే ఆ కంపెనీ జాబితాలోంచి అడ్రసు తీయించుకోవాలి.

మనిషి కోసం వచ్చేవి

అసలు పాఠం ఇది. చాలా ఇళ్లలో వీటితో చేసే పని ఒకటే. కవరు మీద "ఇక్కడ లేరు" అని ఓ మూల రాసి పోస్టు డబ్బాలో వేస్తారు. నాలుగు రోజులకు అదే కవరు, అదే చేతిరాతతో మళ్లీ గుమ్మం ముందు ప్రత్యక్షమవుతుంది. పోస్టాఫీసు వాళ్లను తిట్టుకుంటాం. ఇందులో మనిషి చెయ్యి పడనే లేదు. ఉత్తరాలు వేరుచేసే యంత్రం మన రాత చదవదు. అది చూసేది అచ్చేసిన అడ్రసును, కవరు అడుగున వరసగా నిలబడ్డ సన్నటి గీతలను. అమెరికన్ కవర్ల మీద ఆ గీతలు 65 ఉంటాయి. నాలుగు రకాల పొడవుల్లో నిలబడి, 31 అంకెల దాకా సమాచారం మోస్తాయి. అవి చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఆ కవరు మీ ఇంటికే వస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. ఆ గీతల మీద లావు పెన్నుతో అడ్డంగా, నల్లగా గీసేయండి. పేరు, అడ్రసుల మీద ఒకే గీత కొట్టండి, కింద ఏముందో పోస్ట్‌మ్యాన్‌కు కనిపించాలి కనుక పూర్తిగా చెరపొద్దు. పంపినవాళ్ల చిరునామా జోలికి పోవద్దు. ఖాళీ ఉన్నచోట పెద్ద అక్షరాల్లో "ఇల్లు మారి వెళ్లారు – పంపినవారికి తిప్పి పంపండి" అని రాయండి. ఆ ప్రాంతంలో పోస్టాఫీసు వాళ్లు వాడే భాషలో రాయడం మంచిది. డబ్బాలో వేసేకంటే పోస్ట్‌మ్యాన్ చేతికే ఇస్తే ఇంకా మేలు. పంపినవాళ్ల చిరునామా ఎక్కడా లేకపోతే కూడా పోస్టాఫీసుకే ఇవ్వండి. అలాంటివాటిని విప్పి చూసే అధికారం ఉన్న కార్యాలయాలు విడిగా ఉంటాయి. భారతదేశంలో రిటర్న్డ్ లెటర్ ఆఫీసులు, అమెరికాలో అట్లాంటా నగరంలోని కేంద్రం, బ్రిటన్‌కు బెల్‌ఫాస్ట్‌లోని కేంద్రం ఆ పని చేస్తాయి.

ఆ రాసే మాట విషయంలో జాగ్రత్త, ఇక్కడ చాలామంది జారిపడతారు. "ఇల్లు మారి వెళ్లారు" అనడానికీ "మాకొద్దు" అనడానికీ మనకు పెద్ద తేడా కనిపించదు. సంతకం చేసి తీసుకునే టపా విషయంలో ఆ తేడాయే ప్రాణం. భారతదేశంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు, 9వ రూలు ప్రకారం, ప్రతివాది తీసుకోవడానికి నిరాకరించాడన్న రాతతో సమను తిరిగొస్తే అది అందినట్టే కోర్టు లెక్క. చెక్కు బౌన్సు నోటీసుకైతే అందిన నాటినుంచి డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు మొదలవుతుంది. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే చేరినట్టే భావించవచ్చని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షను చెబుతోంది. ఆ భావన తప్పని నిరూపించుకునే భారం ఎవరి పేరున వచ్చిందో వాళ్ల మీదే పడుతుంది. అంటే, గుమ్మంలో నిలబడి మీరు విసుగ్గా "వద్దండీ, తీసుకుపోండి" అన్న ఒక్క మాటను పోస్ట్‌మ్యాన్ "నిరాకరించారు" అని రాసుకుంటే, ఎక్కడో ఉన్న పాత యజమాని నోటీసు తిప్పికొట్టినట్టు కాగితం పుడుతుంది. సంతకం పెట్టి తీసుకోవడం అంతకంటే పెద్ద తప్పు. అప్పుడు చేరిందనడానికి రుజువు మీ సంతకమే.

సంతకం అడిగినప్పుడు ఇలా చెప్పండి: "ఆ పేరు వాళ్లు ఈ ఇల్లు అమ్మి వెళ్లిపోయారు. ఎక్కడున్నారో మాకు తెలియదు. మారి వెళ్లారని రాయండి." పక్కన నిలబడి ఏం రాశారో చూడండి. మొహమాటపడకండి, అడిగితే చూపిస్తారు.

ఇక కొత్త అడ్రసు తెలిసినవాళ్ల సంగతి. పాతది కొట్టేసి పక్కన కొత్తది రాసి డబ్బాలో వేయొచ్చు, విప్పని మామూలు ఉత్తరానికి చాలాచోట్ల మళ్లీ స్టాంపు అడగరు. మంచి పనే, కాదనను. కానీ ఇల్లు మారిన తొలి రెండు మూడు నెలల వరకే చేయమంటాను. ఉత్తరం ఎలాగోలా చేరిపోతున్నంతకాలం పంపినవాళ్లకు అడ్రసు మారిందన్న సంగతి తెలియదు, పాత యజమానికి మార్చుకోవాల్సిన తొందరా ఉండదు. మధ్యలో మీరు జీతం లేని పోస్ట్‌మ్యాన్‌గా మిగిలిపోతారు. వెనక్కి వెళ్లిన కవరే పంపినవాళ్ల జాబితాను కదిలిస్తుంది.

మరో చిక్కు: కొన్ని ఇళ్లలో చాలాకాలం ఒక్క ఉత్తరం కూడా రాదు, ఆ తర్వాత ఒక్కసారిగా పాత పేర్ల టపా కుప్పగా మొదలవుతుంది. ఎవరో పనిగట్టుకుని చేస్తున్నారనుకోకండి. అమెరికాలో అడ్రసు మార్పు నమోదు చేసినవాళ్ల ముఖ్యమైన ఉత్తరాలను పోస్టాఫీసు 12 నెలలే కొత్త ఇంటికి మళ్లిస్తుంది. ఆ తర్వాత 6 నెలలు కొత్త అడ్రసు చీటీతో పంపినవాళ్లకు తిప్పుతుంది. బ్రిటన్‌లో 3, 6, 12 నెలల లెక్కన డబ్బు కట్టి మళ్లింపు తీసుకుంటారు. గడువు తీరితే ఎక్కడైనా అంతే. వాళ్ల తరఫున మీరే ఫారం నింపి మళ్లింపు పెట్టేద్దామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. ఇంకొకరి పేరున సంతకం పెట్టడమే అవుతుంది.

పంపినవాళ్లకు రాయడం

రెండుసార్లు తిప్పి పంపినా అదే సంస్థ నుంచి వస్తూనే ఉంటే, ఇందాక రాసుకున్న గుర్తు నంబరు ఇప్పుడు బయటకు తీయండి. ఫోన్ చేస్తే "ఖాతాదారుతో తప్ప మాట్లాడం" అంటారు. వాళ్ల నియమం వాళ్లది. మీరు ఏమీ అడగడం లేదు, ఒక సంగతి చెబుతున్నారంతే. నాలుగు వాక్యాలు చాలు:

"మీ గుర్తు నంబరు ఫలానా. ఆ పేరుగల వ్యక్తి ఈ చిరునామాలో ఇప్పుడు నివసించడం లేదు. వారి కొత్త చిరునామా మా దగ్గర లేదు. మీ రికార్డుల నుంచి మా చిరునామాను తొలగించి, తొలగించినట్టు రాతపూర్వకంగా తెలియజేయండి."

మీ పేరు, ఫోన్ నంబరు రాయాల్సిన పని లేదు, ముఖ్యంగా వసూళ్ల కంపెనీలకు. ఇల్లు కొన్నారని రుజువు చూపమంటే ఆ సంగతి తర్వాతి పాఠంలో చూద్దాం. రాశాక మూణ్నెల్లు ఓపిక పట్టండి. పెద్ద సంస్థలు టపాను బయటి ముద్రణాలయాలకు అప్పగిస్తాయి, జాబితా వాళ్లకు ఎప్పుడో ఒకసారి వెళ్తుంది. అమెరికాలో రాయితీ రేటుకు గుత్తగా పంపేవాళ్లు, పంపే ముందు 95 రోజుల్లోపు అడ్రసులు సరిచూసుకుని ఉండాలన్న నియమం ఉంది. నెలలోపే ఆగలేదని రెండో ఉత్తరం రాయడం తొందరపాటు.

కవరు ఫొటో తీసి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో "వీళ్లెవరికైనా తెలుసా?" అని పెట్టే అలవాటు కొందరికి ఉంది. పేరు, ఖాతా గుర్తు, పంపిన బ్యాంకు, అన్నీ ఊరందరికీ పంచినట్టే. వద్దు.

అభ్యాసం

మూడు కవర్లు ఊహించుకోండి. జవాబు చదివే ముందు మీరే తేల్చండి.

మొదటిది: నీటి సరఫరా సంస్థ ముద్ర, పాత యజమాని పేరు, మీ ఇంటి కనెక్షన్ నంబరు. ఇది ఇంటిది. నంబరు పట్టుకుని వాళ్ల కార్యాలయానికి వెళ్లి పేరు మార్పించుకోండి.

రెండోది: పంపినవారి పేరు లేదు, పోస్టు బాక్సు ఒక్కటే ఉంది, లోపల గట్టిగా తగులుతోంది. ఇది మనిషిది. గీతలు కొట్టేసి, ఇవాళే పోస్టాఫీసులో ఇచ్చేయండి.

మూడోది: న్యాయవాది కార్యాలయం నుంచి, సంతకం కావాలి, పేరు పాత యజమాని భార్యది. ఆవిడ ఎక్కడుంటారో మీకు తెలుసు కూడా. సంతకం పెట్టొద్దు, "వద్దు" అనొద్దు. మారి వెళ్లారని రాయించి కవరును వెనక్కి వెళ్లనివ్వండి. ఆ సాయంత్రం ఆవిడకు ఫోన్ చేసి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మాత్రం చెప్పండి.