కృష్ణబిలం ద్రవ్యరాశి: మోడల్ ఇచ్చే ప్లస్-మైనస్ హద్దులు తేడాగా ఉంటే

క్వేజార్ అంటే భారీ కృష్ణబిలం చుట్టూ వాయువు వెలిగే దూరపు గెలాక్సీ కేంద్రం. దాని స్పెక్ట్రమ్ (రంగుల వారీగా విడదీసిన కాంతి) చూసి మోడల్ కృష్ణబిలం ద్రవ్యరాశినీ, దాని ప్లస్-మైనస్ హద్దులనూ చెబుతుంది. ఆ హద్దులను నమ్మొచ్చా? ముందు ఈ లెక్క చూడండి. మోడల్ ఎప్పుడూ చూడని 1000 క్వేజార్లలో, 90 శాతం హద్దుల లోపల ఎన్నింటి లేబుళ్లు (కేటలాగ్‌లో ఇచ్చిన ద్రవ్యరాశులు) పడ్డాయి? 880 - 920 మధ్య ఉంటే సరే. ఐదు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి నెట్‌వర్క్‌కు పొరలు పెంచుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ.

సమస్య: 900 పడాల్సిన చోట 700 పడుతున్నాయి.
ఒకే క్వేజార్‌ను వేర్వేరు రాత్రుల్లో తీసిన స్పెక్ట్రాలు ట్రైనింగ్‌లోకీ క్యాలిబ్రేషన్‌లోకీ (హద్దుల వెడల్పు తేల్చడానికి పక్కన పెట్టిన డేటాలోకీ) చేరిపోయి ఉంటాయి. స్పెక్ట్రమ్ వారీగా కాకుండా క్వేజార్ వారీగా విడగొట్టండి. తర్వాత 1000 క్యాలిబ్రేషన్ తేడాలను (మోడల్ చెప్పినదానికీ లేబుల్‌కూ మధ్య దూరాలను) చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి 901వది హద్దుగా తీసుకోండి. 900వది కాదు: లెక్కకు ఒకటి కలిపి, 1001లో 90 శాతాన్ని పై పూర్ణాంకానికి సవరించాలి.

సమస్య: మొత్తం మీద 90 శాతమే, కానీ భారీ ద్రవ్యరాశుల దగ్గర పడిపోతోంది.
అన్నిటికీ ఒకే వెడల్పు ఇస్తున్నారు. 5, 95 శాతాల క్వాంటైల్స్ (అంత శాతం విలువలు ఏ అంకె కింద ఉంటాయో ఆ హద్దులు) నేర్పించి, వాటి మీద కన్ఫార్మల్ సవరణ, అంటే పైన చెప్పినట్టు క్యాలిబ్రేషన్ తేడాలతో హద్దులు సరిచేయడం, చేయండి. గుంపులుగా విడదీస్తే మోడల్ చెప్పిన ద్రవ్యరాశిని బట్టే విడదీయండి. కొత్త క్వేజార్‌కు లేబుల్ ఉండదు కదా.

సమస్య: ఏ లోపమూ కనబడదు. కవరేజీ (హద్దుల్లో పడ్డ శాతం) సరిగ్గా 90, తేడా 0.1 డెక్స్ (పది ఆధారంగా తీసిన లాగరిథమ్‌లో 0.1).
అసలు అనుమానించాల్సింది దీన్నే. ఒక్క స్పెక్ట్రమ్‌తో కట్టిన కేటలాగ్ ద్రవ్యరాశి కొలత కాదు, సూత్రం: ఉద్గార రేఖ వెడల్పు వర్గం, కాంతి తీవ్రతకు దాదాపు వర్గమూలం, ఓ స్థిరాంకం. అదే స్పెక్ట్రమ్‌ను మోడల్‌కు ఇస్తే అది ఆ సూత్రాన్నే తిరిగి కనిపెడుతుంది. 0.1 డెక్స్ అంటే లేబుల్‌ను ఎంత బాగా కాపీ కొట్టిందో చెప్పే అంకె. లేబుల్‌కూ అసలు ద్రవ్యరాశికీ మధ్య సుమారు 0.4 డెక్స్, అంటే రెండున్నర రెట్ల చెదురు ఉంటుంది. కేటలాగ్ కాలమ్‌లోని ఎర్రర్ సాధారణంగా కొలత దోషం మాత్రమే. ఈ చెదురు అందులో కలవదు.

పట్టుకోవడం తేలిక. రేఖ వెడల్పు, కాంతి తీవ్రతల లాగరిథమ్‌లు రెండే ఇచ్చి లీనియర్ రిగ్రెషన్ నడపండి. వాలులు 2, 0.5 దగ్గరికి వచ్చి, మిగిలిన తేడా నెట్‌వర్క్‌తో సమానంగా ఉంటే నెట్‌వర్క్ కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు.

రెండు దోషాల వర్గాలు కూడి వర్గమూలం తీయండి: 0.1, 0.4 కలిస్తే 0.41. 90 శాతానికి 1.645తో గుణిస్తే ప్లస్-మైనస్ 0.68 డెక్స్, ఇటూ అటూ దాదాపు ఐదు రెట్లు. చూడ్డానికి బాగోదు, కానీ నిజం అదే.

ఇంతకంటే మంచి దారి, రివర్బరేషన్ మ్యాపింగ్‌తో (కేంద్రపు వెలుగు మారాక వాయు మేఘాల వెలుగు ఎంత ఆలస్యంగా మారుతుందో చూసే పద్ధతితో) కొలిచిన క్వేజార్లను క్యాలిబ్రేషన్‌కు వాడటం. 50 ఉంటే 46వ తేడా తీసుకోండి. 9 కన్నా తక్కువుంటే 90 శాతం హద్దు అనంతమే. మెలిక ఏమిటంటే, లేబుల్ సూత్రం స్థిరాంకాలను ఆ క్వేజార్లతోనే కట్టి ఉంటే తేడా తక్కువగా కనబడుతుంది. వాటిని పక్కన పెట్టండి. పైగా రివర్బరేషన్ ద్రవ్యరాశిలోనూ వాయు మేఘాల అమరికను బట్టి మారే గుణకం ఉంది. దాని అనిశ్చితి అలాగే మిగులుతుంది.

ర్యాండమ్ సీడ్, డ్రాపౌట్ శాతం లాంటివి ఆఖర్న చూసుకోవచ్చు. కార్బన్ రేఖ బాగా నీలివైపు జరిగిన క్వేజార్లను మాత్రం వేరుగా ఉంచండి: అక్కడి వెడల్పులో కక్ష్యావేగంతో పాటు బయటికి వీచే వాయువు వేగమూ కలిసి ఉంటుంది.