విమ్‌లో సేవ్ కాని బఫర్లు: ఏ రకానికి ఎట్లా మెలగాలి

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో కనిపించే ప్రతి బఫర్ (తెరిచిన టెక్స్ట్‌ను విమ్ మెమరీలో పెట్టుకునే చోటు) వెనక ఒక ఫైల్ ఉంటుందనుకుంటే తిప్పలు అక్కడే మొదలవుతాయి. హెల్ప్ తెరిచినా, టెర్మినల్ తెరిచినా, వెతికిన ఫలితాలు తెరిచినా చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాంట్లో సేవ్ కొడితే డిస్క్ మీదికి పోతుంది, ఇంకోదాంట్లో ఈ382 ఎర్రర్ వస్తుంది, మరోదాంట్లో విండో మూస్తే రాసిందంతా గల్లంతవుతుంది, ఒక్క మాట కూడా అడగదు. ఈ తేడాలకు మూలం ఎక్కువగా బఫ్‌టైప్ అనే ఆప్షన్. ఏ బఫర్‌లో ఉన్నా ":సెట్ బఫ్‌టైప్?" అని కొట్టండి, ప్రశ్న గుర్తు మరవొద్దు. ఏ విలువా లేకుండా వస్తే అది మామూలు ఫైల్ బఫర్, సేవ్ చేయకుండా మూయబోతే విమ్ తనే ఆపుతుంది. (కమాండ్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.)

రోజువారీ పనిలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చే బఫ్‌టైప్ నోఫైల్, అంటే వెనక ఫైల్ లేని బఫర్. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ రేట్లు వాట్సాప్‌లో వస్తుంటాయి, తేజా ఇంత, వండర్ హాట్ ఇంత, చపాటా ఇంత అని. అడ్తి దుకాణంలో లెక్కలు రాసే మా బావమరిది వాటిని ఒక వరసలో పెట్టి ఇమ్మంటాడు. ఆ గజిబిజి అంతా ఒక ఫైల్‌గా దాచుకోవాల్సిన పని లేదు, పేస్ట్ చేసి, శుభ్రం చేసి, కాపీ కొట్టి పంపేస్తే చాలు. అందుకు ముందు ":న్యూ" కొట్టి ఖాళీ విండో తెరవండి, తర్వాత ఈ లైన్:

:సెట్‌లోకల్ బఫ్‌టైప్=నోఫైల్ బఫ్‌హిడెన్=హైడ్ నోస్వాప్‌ఫైల్

సెట్ కాదు, సెట్‌లోకల్. ఉత్త సెట్ కొడితే నోస్వాప్‌ఫైల్ ఆ తర్వాత తెరిచే ఫైళ్లకు కూడా అంటుకుంటుంది, అది మనకొద్దు.

ఇప్పుడు మెసేజ్‌లు పేస్ట్ చేయండి. ప్రతి లైన్ ముందు తారీఖు, టైము, పంపినోళ్ల పేరు ఉంటాయి కాబట్టి ":%ఎస్/^.*: //" కొడితే అవి పోయి రేటు మాత్రం మిగులుతుంది. తేజా ఒక్కటే కావాలంటే ":వీ/తేజా/డీ", ఆ మాట లేని లైన్లన్నీ లేచిపోతాయి. చివరికి ":సార్ట్! ఎన్" అంటే ఎక్కువ రేటు పైకొస్తుంది. తారీఖు తీసేయకముందే సార్ట్ చేస్తే మాత్రం రేటు ప్రకారం కాకుండా తారీఖు ప్రకారం వరస కడుతుంది, ఎందుకంటే విమ్ లైన్లో మొదట కనిపించిన అంకెనే పట్టుకుంటుంది.

ఆ సెట్‌లోకల్ లైన్‌లో మూడూ ఎందుకంటే, నోఫైల్ అన్నాక ఆ బఫర్‌లో ఎంత మార్చినా విమ్ దాన్ని "మారింది" అని లెక్కలోకి తీసుకోదు. హిడెన్ ఆప్షన్ ఆఫ్‌లో ఉంటే విండో మూయగానే అందులోది పోతుంది, విమ్‌లో డీఫాల్ట్ ఆఫే, విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో 0.6 వెర్షన్ నుంచి ఆన్. బఫ్‌హిడెన్=హైడ్ ఉంటే విండో పోయినా బఫర్ ఉంటుంది, ":ఎల్ఎస్"లో నంబర్ చూసి ":బీ" పక్కన ఆ నంబర్ కొడితే మళ్లీ వస్తుంది. హైడ్ బదులు వైప్ పెడితే విండోతో పాటే తుడిచిపెట్టుకుపోతుంది, పాస్‌వర్డ్ లాంటిది కాసేపు పెట్టుకోవాల్సి వస్తే అదే మేలు. స్వాప్ ఫైల్ మామూలుగా 200 అక్షరాలు కొట్టినప్పుడో, 4 సెకన్లు చేయి ఆపినప్పుడో డిస్క్ మీద రాయబడుతుంది, కరెంటు పోతే మనల్ని కాపాడేది అదే. ఇక్కడ దాన్ని మనమే ఆపేశాం కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద గంటసేపు రాసేది నోఫైల్‌లో రాయొద్దు. ":క్యూఏ" కొట్టినా అడగకుండానే పోతుంది, హైడ్ అక్కడ పనికిరాదు.

మధ్యలో మనసు మారి దాచుకోవాలనిపిస్తే ఉత్త ":డబ్ల్యూ" పనిచేయదు, ఈ382 అదే. ":డబ్ల్యూ రేట్లు.టీఎక్స్‌టీ" అని పేరిచ్చి కొట్టండి, రాస్తుంది. పేరివ్వకుండా రాయను అనడమే దాని పట్టుదల.

రోజూ అంత పొడుగు లైన్ కొట్టడం ఎందుకు, విమ్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైల్ విమ్‌ఆర్‌సీలో ఇది పెట్టుకోండి:

కమాండ్! చిట్టీ న్యూ | సెట్‌లోకల్ బఫ్‌టైప్=నోఫైల్ బఫ్‌హిడెన్=హైడ్ నోస్వాప్‌ఫైల్

చిట్టీ మొదటి అక్షరం పెద్దబడి సీ ఉండాలి, మనం పెట్టుకునే కమాండ్లకు విమ్ పెట్టిన రూల్ అది.

క్విక్‌ఫిక్స్ ఇంకో మంచి సాధనం, చాలామంది దాన్ని ఎర్రర్ల లిస్టు అనుకుని వదిలేస్తారు. నెల రేట్లు వేర్వేరు ఫైళ్లలో ఉంటే ":విమ్‌గ్రెప్ /చపాటా/ *.టీఎక్స్‌టీ" కొట్టి ":కోపెన్" అనండి, కింద లిస్టు వస్తుంది, ఏ లైన్ మీద ఎంటర్ కొడితే ఆ ఫైల్లో ఆ చోటికి పోతుంది. ఆ లిస్టులోనే దిద్దబోతే కుదరదు, అన్ని చోట్లా ఒకేసారి మార్చాలంటే ":సీడూ ఎస్/పాతది/కొత్తది/ | అప్‌డేట్".

టెర్మినల్ బఫర్ విమ్‌లోకి 8.1తో, 2018లో వచ్చింది. ":టెర్మినల్" కొట్టాక ఎస్కేప్ నొక్కితే ఏమీ కాదేంటని టెన్షన్ పడొద్దు, ఆ కీ లోపల కమాండ్లు నడిపే షెల్‌కు పోతోంది. కంట్రోల్ పట్టుకుని బ్యాక్‌స్లాష్, తర్వాత కంట్రోల్ ఎన్, ఇది విమ్‌లోనూ నియోవిమ్‌లోనూ పనిచేస్తుంది, అప్పుడు మామూలుగా పైకి జరిగి కాపీ చేసుకోవచ్చు. మళ్లీ లోపలికి పోవాలంటే ఐ.

బఫ్‌టైప్‌లో ప్రాంప్ట్, ఏసీరైట్ అనే విలువలు రెండూ ప్లగిన్లు (విమ్‌కు అదనంగా కలుపుకునే ప్రోగ్రాములు) వాడుకునేవి, మీరు చేత్తో పెట్టే అవసరం దాదాపు రాదు. ఏసీరైట్‌లో ":డబ్ల్యూ" కొడితే ఏం చేయాలో ప్లగిన్ చెప్తుంది, ఆ ఏర్పాటు లేకుండా మీరే పెడితే ఈ676 ఎర్రర్ వస్తుంది.

హెల్ప్ పేజీలు ":ఎల్ఎస్"లో కనబడవు, ":ఎల్ఎస్!" అంటే కనబడతాయి. అందులో యూ ఉంటే లిస్టులో లేనిది, హెచ్ ఉంటే దాగినది, పెద్ద ఆర్ ఉంటే ఇంకా నడుస్తున్న టెర్మినల్. పనైపోయిన చిట్టీలు పోగుపడితే ":బీడబ్ల్యూ" పక్కన నంబర్లు వరసగా ఇచ్చి తుడిచేయండి, ":బీడీ" కొడితే అందులో రాసింది పోతుంది, లిస్టు నుంచీ తప్పుకుంటాయి, కానీ బఫర్ పూర్తిగా తుడిచిపెట్టుకుపోదు.