ఐస్ ఫిషింగ్ టెంటులో తలకి వేడి, కాళ్లకి చలి: చిన్న ఫ్యాన్ల సమస్యలు, పరిష్కారాలు

గడ్డకట్టిన సరస్సు మీద టెంటు వేసుకుని, ఐసుకి కన్నం పెట్టి చేపలు పట్టడమే ఐస్ ఫిషింగ్. అమెరికాలోని మిన్నెసోటాలో మిల్ లాక్స్ సరస్సు అయినా, రెడ్ లేక్ అయినా, బయట మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజు హబ్ టెంటులో (కడ్డీలతో గొడుగులా విచ్చుకునే గుడ్డ గదిలో) ప్రొపేన్ హీటర్ వెలిగించుకుని అరగంట కూర్చోండి. చెవులు వెచ్చబడతాయి, బూట్లలో కాలివేళ్లు మాత్రం మొద్దుబారతాయి. చాలామంది హీటర్ చాలడం లేదనుకుని ఇంకా పెద్దది కొంటారు. నిజానికి గంటకి 9,000 బీటీయూ (వేడిని కొలిచే ఒక యూనిట్) ఇచ్చే హీటర్ అంటే దాదాపు 2,600 వాట్లు. మన బాత్రూం గీజరంత వేడి ఒక చిన్న గుడ్డ గదిలో పుడుతోందన్నమాట. ఆ వేడంతా పైకి పోయి కప్పు కింద నిలబడిపోతుంది, కింద సున్నా డిగ్రీల ఐసు మీద చల్లగాలి పరుచుకుని ఉంటుంది.

మూడు వాట్ల ఫ్యాన్ వేడిని పుట్టించదు. కప్పు కింద ఉన్న వేడిని నేల దాకా దింపుతుంది, అంతే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింది సమస్యల్లో సగం ఎందుకు వస్తున్నాయో ఇట్టే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు: తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం

ఇవి కనిపిస్తే ఫ్యాన్ సంగతి తర్వాత. జిప్పు పూర్తిగా తెరిచి అందరూ బయటికి రండి. ఇవి కార్బన్ మోనాక్సైడ్ లక్షణాలు. ఫ్యాన్ ఈ వాయువును బయటికి పంపదు, టెంటంతా సమంగా కలుపుతుంది.

హీటర్‌లో ఆక్సిజన్ సెన్సర్ ఉంది కదా అని ధీమా వద్దు. ఆక్సిజన్ సుమారు 18 శాతానికి పడిపోయినప్పుడు అది గ్యాస్ ఆపుతుంది, కానీ కార్బన్ మోనాక్సైడ్‌ను కొలవదు. కింద ఒకటి, పైన ఒకటి, రెండు గాలిదారులు ఎప్పుడూ తెరిచే ఉంచాలి. ఎంత తెరవాలో హీటర్ మాన్యువల్‌లో చదరపు అంగుళాల్లో రాసి ఉంటుంది, అంతకన్నా తగ్గించకండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనేటప్పుడు అంకెలు చూపించేది తీసుకోండి. మామూలు ఇంటి అలారం 70 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 70 భాగాలు) దగ్గర మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పట్టవచ్చు. అంకె కనిపిస్తే ఆ లోపే తెలిసిపోతుంది. కూర్చున్నప్పుడు ముఖం ఉండే ఎత్తులో వేలాడదీయండి.

సమస్య: ఫ్యాన్ తిరుగుతోంది, అయినా కాళ్లు చల్లగానే ఉన్నాయి

ఫ్యాన్ తప్పు చోట ఉంది. ఎక్కువమంది దాన్ని కప్పు మధ్యలో, లైటు వేలాడదీసే కొక్కేనికి తగిలించి నేరుగా కిందికి తిప్పుతారు. చిన్న ఫ్యాన్ గాలి మూడు నాలుగు అడుగులు దిగేసరికి బలం తగ్గిపోతుంది. వేడిగాలి తేలిక కాబట్టి సగం దారిలో ఆగి మళ్లీ పైకి వెళ్తుంది. ఆ గాలి తల మీద పడుతుంది, పాదాల దాకా రాదు.

ఇలా మార్చి చూడండి:

1. హీటర్ ఒక మూల ఉంటే ఫ్యాన్‌ను దానికి ఎదురు మూలలో, కప్పుకి ఒక అడుగు కిందుగా కట్టండి. హబ్ టెంటులో మూలన ఉండే ఫైబర్ కడ్డీకి రెండు జిప్ టైలు చాలు.
2. గాలి గోడ వెంబడి కిందికి జారేలా వంచండి. గోడని ఆనుకుని దిగే గాలి త్వరగా చెదిరిపోదు, నేల దాకా వస్తుంది.
3. నేలకి దిగిన గాలి ఐసు మీదుగా హీటర్ వైపు పారి, అక్కడ వేడెక్కి, పైకి లేచి మళ్లీ ఫ్యాన్ దగ్గరికి రావాలి. ఆ దారిలో బకెట్లు, స్లెడ్డు అడ్డం పెట్టకండి.

గాలి ఎటు పోతోందో చూడడానికి మనింట్లో ఉండే అగరుబత్తి కన్నా మంచి సాధనం లేదు. వెలిగించి గుడ్డకి దూరంగా, మోకాలి ఎత్తులో పట్టుకోండి. పొగ నిటారుగా లేస్తే ఫ్యాన్ గాలి అక్కడికి రావడం లేదు. పొగ అడ్డంగా వంగి హీటర్ వైపు పోతుంటే ప్రవాహం కుదిరినట్టే. గ్యాస్ లీకుందేమో అన్న అనుమానంతో మాత్రం అగరుబత్తి వెలిగించకండి, దానికి సబ్బునీళ్లే వాడాలి.

రెండు చవక థర్మామీటర్లు, ఒకటి కప్పు దగ్గర, ఒకటి చీలమండ ఎత్తులో కట్టి పావుగంటకోసారి చూస్తే మీ మార్పు పనిచేసిందో లేదో అంకెల్లో తెలుస్తుంది. పైనా కిందా తేడా తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టు.

ఎంత ఫ్యాన్ కావాలి? ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉంటే లోపల 234 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల, 12 వోల్టుల ఫ్యాన్ నిమిషానికి 50 నుంచి 70 ఘనపుటడుగులు తోస్తుందని పెట్టె మీద రాసి ఉంటుంది. లెక్క ప్రకారం మూడు నుంచి ఐదు నిమిషాల్లో టెంటు గాలంతా ఒకసారి తిరిగినట్టు. ఇంతకన్నా పెద్దది అనవసరం.

ఇంకా మంచి ఏర్పాటు కావాలంటే గొట్టం పెట్టండి. బట్టల డ్రయ్యరుకి వాడే నాలుగంగుళాల అల్యూమినియం గొట్టం ఒకటి, ఐదారు అడుగుల పొడవుది, కప్పు నుంచి నేలకి అర అడుగు పైదాకా వేలాడదీసి, కింది చివర ఫ్యాన్ బిగించండి. పైనున్న వేడిగాలి పీల్చుకుని నేరుగా బూట్ల దగ్గర వదులుతుంది. గొట్టాన్ని సాగదీసి తిన్నగా ఉంచాలి. ముడతలు, వంపులు ఉంటే ఇలాంటి ఫ్యాన్లకి గాలిని లాగే శక్తి చాలదు. ఫ్యాన్‌కి గొట్టానికి మధ్య సందుని అల్యూమినియం టేపుతో మూసేయండి, లేకపోతే పై గాలికి బదులు పక్క గాలే లోపలికి పోతుంది.

సమస్య: ఫ్యాన్ వేశాక ఇంకా చలేస్తోంది

మూడు కారణాలు ఉండొచ్చు. గాలి నేరుగా ఒంటి మీద పడుతోంది: 15 డిగ్రీల గాలైనా తడి చేతిమీద వేగంగా తగిలితే చల్లగానే ఉంటుంది. వేగం తగ్గించండి, గోడ వెంబడి జారేలా తిప్పండి.

లేదా ఫ్యాన్ గాలి గుడ్డకి ఎదురుగా గుద్దుకుంటోంది. గోడని ఆనుకుని ఉండే నిశ్చలమైన గాలి పొర కొంత దుప్పటిలా పనిచేస్తుంది. దాన్ని ఫ్యాన్ చెదరగొడితే వేడి త్వరగా బయటికి పోతుంది. ఒకే పొర గుడ్డ ఉన్న టెంటుల్లో ఇది బాగా తెలుస్తుంది, లోపల దూదిలాంటి పొర కుట్టిన వాటిలో తక్కువ.

మూడోది, చాలామంది పట్టించుకోనిది, కింది అంచు. టెంటు చుట్టూ నేల మీద పరుచుకునే గుడ్డ అంచు మీద మంచు ఎగదోయకపోతే, ఫ్యాన్ కదిలించిన గాలికి బయటి చలిగాలి తోడై లోపలికి దూసుకొస్తుంది. చుట్టూ అర అడుగు మందాన మంచు పారతో వేసి తొక్కండి. మీరు కావాలని తెరిచిన కింది గాలిదారి మాత్రం మూయకండి.

సమస్య: ఫ్యాన్ వేస్తే హీటర్ ఆరిపోతోంది

హీటర్‌లో చిన్న పైలట్ మంట ఒక లోహపు మొనని నిరంతరం కాలుస్తూ ఉంటుంది. ఆ మొన వేడిగా ఉన్నంతసేపే గ్యాస్ వాల్వ్ తెరిచి ఉంటుంది. ఫ్యాన్ గాలి ఆ మంటని పక్కకి వంచితే మొన చల్లారుతుంది, వాల్వ్ మూసుకుంటుంది. అందుకే ఫ్యాన్‌ని ఎప్పుడూ హీటర్ ముఖానికి ఎదురుగా పెట్టకూడదు. ఆరిపోకపోయినా మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పెరగవచ్చు. కనీసం మూడడుగుల దూరం, పక్కగా ఉంచండి.

ఇది ఫ్యాన్ తప్పో, ఇంకేదో తేల్చుకోవాలంటే ఈ వరుసలో చూడండి. ఫ్యాన్ ఆపి మళ్లీ వెలిగించండి. నిలబడితే గాలే కారణం. ఫ్యాన్ ఆపినా ఆరిపోతుంటే హీటర్‌ని తలుపు బయటికి తెచ్చి, గాలి తగలని చోట వెలిగించండి. బయట నిలబడి లోపల ఆరిపోతుంటే లోపల ఆక్సిజన్ తగ్గిందని సెన్సర్ చెబుతున్నట్టు, గాలిదారులు పెంచండి. ఆ సెన్సర్‌ని మోసం చేసే ప్రయత్నం ఎన్నడూ చేయకండి.

బయట కూడా మంట చిన్నబోయి ఆరిపోతుంటే సిలిండర్ చూడండి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సిలిండర్ ఆ చలికి దగ్గరవుతున్నకొద్దీ ఒత్తిడి పడిపోతుంది. పైగా గ్యాస్ తీస్తున్నకొద్దీ లోపలి ద్రవం ఇంకా చల్లబడుతుంది. ఒక పౌండు సిలిండర్ మీద తెల్లటి మంచు పొర పేరుకుంటే అదే గుర్తు. ఇంకొక సిలిండర్ మార్చి, మొదటిది లోపల మామూలుగా వెచ్చబడనివ్వండి, హీటర్ ముందు మాత్రం పెట్టకండి. ఒక పౌండు సిలిండర్ 9,000 బీటీయూ మీద రెండున్నర గంటల లోపే అయిపోతుందని కూడా గుర్తుంచుకోండి. ఖాళీ అయిపోయిన సిలిండర్‌ని అనుమానించకుండా ఫ్యాన్‌ని తిట్టేవాళ్లు చాలామంది. 20 పౌండ్ల పెద్ద సిలిండర్‌ని బయట పెట్టి గొట్టంతో లోపలికి తెస్తుంటే, గొట్టానికీ హీటర్‌కీ మధ్య ఫిల్టర్ పెట్టండి. కొన్ని రబ్బరు గొట్టాల నుంచి వచ్చే నూనె హీటర్ లోపలి సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది.

సమస్య: కప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి

ప్రొపేన్ మండితే నీటి ఆవిరి వస్తుంది. ఒక కిలో ప్రొపేన్‌కి సుమారు 1.6 కిలోల నీళ్లు. 9,000 బీటీయూ హీటర్ గంటకి 190 గ్రాముల దాకా కాలుస్తుంది, అంటే గంటకి దాదాపు 300 మిల్లీలీటర్ల నీళ్లు మీ టెంటులోకి చేరుతున్నాయి. మీ ఊపిరి, గాలం కన్నం నుంచి లేచే ఆవిరి దీనికి అదనం. అవి చల్లటి గుడ్డకి తగిలి మంచు పొరగా గడ్డకడతాయి. మీరు ఫ్యాన్ వేయగానే ఆ పొర కరిగి మెడలో పడుతుంది.

ఫ్యాన్ వేగం పెంచితే ఆరిపోతుందనుకుంటారు. తేమకి బయటికి పోయే దారి లేనంతవరకు అది ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదికి మారుతుందే తప్ప తగ్గదు. పై కిటికీని సగం తెరవండి. ఆ దారిలో కొంత వేడి పోతుంది, పోనివ్వాలి. పేరుకున్న మంచు పొరని హీటర్ వెలిగించకముందే బయటి నుంచి గుడ్డని తట్టి రాల్చండి.

సమస్య: ఫ్యాన్ తిరగడం లేదు, లేదా మెల్లగా తిరిగి ఆగిపోతోంది

యూఎస్‌బీ ఫ్యాన్ పది, ఇరవై సెకన్లు తిరిగి ఆగితే పవర్ బ్యాంకుదే తప్పు. చిన్న ఫ్యాన్ వాడే కరెంటు తక్కువ కావడంతో ఏమీ కలపలేదనుకుని అది తనంతట తాను ఆగిపోతుంది. తక్కువ కరెంటు మోడ్ ఉన్నది వాడండి, లేదా అదే బ్యాంకుకి చిన్న యూఎస్‌బీ లైటు కూడా కలపండి. పవర్ బ్యాంకు కోటు లోపలి జేబులో ఉంచి వైరు బయటికి తీస్తే చలికి సామర్థ్యం తగ్గదు.

12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ సీసపు బ్యాటరీ మీద 0.25 ఆంపియర్ల ఫ్యాన్ కాగితం మీద 28 గంటలు నడవాలి. గడ్డకట్టే చలిలో సామర్థ్యం బాగా పడిపోతుంది, సగానికి మించి ఖాళీ చేస్తే బ్యాటరీ పాడవుతుంది. పది గంటల లోపే లెక్కేసుకోండి. ఒక రోజుకి అది చాలు.

కంప్యూటర్ ఫ్యాన్ అసలు కదలకపోతే వైర్లు తారుమారై ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కుంది. మూడు వైర్ల ఫ్యాన్‌లో సాధారణంగా నలుపు నెగెటివ్, ఎరుపు 12 వోల్టులు, పసుపు వేగం చెప్పే సంకేతం. నాలుగు వైర్ల వాటిలో చాలాసార్లు పసుపే 12 వోల్టులు. రంగుని నమ్మకుండా కనెక్టర్‌లో స్థానం చూడండి: ఒకటోది నెగెటివ్, రెండోది 12 వోల్టులు. మిగిలినవి కత్తిరించకుండా విడివిడిగా టేపు చుట్టి వదిలేయండి, ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంది. పాజిటివ్ వైరులో, బ్యాటరీకి దగ్గరగా, ఒక ఆంపియర్ ఫ్యూజు తప్పనిసరి. ఈ ఫ్యాన్లని వైర్లు మార్చి వెనక్కి తిప్పలేం, గాలి దిశ మారాలంటే ఫ్యాన్‌నే తిప్పి బిగించాలి. స్టిక్కరు, అడ్డకమ్మీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది.

వైర్లు సరిగ్గా ఉండీ మొదట తిరగనని మొరాయించి, వేలితో తోస్తే కదిలితే బేరింగ్‌లో గ్రీజు చలికి చిక్కబడింది. కొనేటప్పుడే బాల్ బేరింగ్ ఫ్యాన్ ఎంచుకోండి.

సమస్య: ఫ్యాన్ వేయగానే సోనార్ తెర మీద గీతలు

ఫ్యాన్ వేగం తగ్గించే చవక కంట్రోలర్లు కరెంటుని సెకనుకి వేలసార్లు తుంచి పంపుతాయి. అదే బ్యాటరీ మీద ఫ్లాషర్ (నీళ్లలో చేపల్ని చూపించే సోనార్) కూడా ఉంటే ఆ అలజడి తెర మీద పడుతుంది. ఫ్యాన్‌కి వేరే బ్యాటరీ పెట్టండి, దాని వైర్లని సోనార్ తీగకి దూరంగా తీసుకెళ్లండి.

సమస్య: గాలం తీగ ఊగుతోంది, చేప కరిచిందో లేదో తెలియడం లేదు

క్రాపీ లాంటి చేపలు ఎరని మెల్లగా పైకి ఎత్తుతాయి. కడ్డీ కొసన ఉన్న సన్నని స్ప్రింగ్ ఒక వెంట్రుకవాసి లేస్తుంది, అంతే. ఫ్యాన్ గాలికి ఆ స్ప్రింగ్, బెండు కదులుతుంటే ఆ సూచన కనబడదు. గాలి కన్నాల మధ్య నుంచి కాకుండా గోడ పక్కన పోయేలా ఫ్యాన్‌ని వంచండి, లేదా కన్నం చుట్టూ ఒక వైపు చిన్న ఫోమ్ ముక్క నిలబెట్టండి. కన్నం మీద మళ్లీ ఐసు పొర కడుతుంటే అక్కడికి వస్తున్నది వెచ్చని గాలి కాదు, గోడ కింది నుంచి వచ్చే చలిగాలి. ఆ వైపు అంచు మీద ఇంకొంచెం మంచు వేయండి.

ఇంటికి వచ్చాక ఫ్యాన్ మీది మంచు కరిగి నీరవుతుంది. గది వెచ్చదనంలో గంటసేపు తెరిచి ఉంచి, ఆరాకే సంచిలో పెట్టండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని కారులోంచి తెచ్చిన వెంటనే చార్జి పెట్టకండి. సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. ముట్టుకుంటే గది వేడికి వచ్చినట్టు అనిపించేదాకా ఆగండి.