సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు అన్నం తినిపించడం

ముద్ద సరిగ్గా దిగుతుందా, పొరబోతుందా అన్నది చాలావరకు బిడ్డ కూర్చున్న తీరును బట్టే ఉంటుంది. కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. సెరిబ్రల్ పాల్సీ వల్ల కండరాల మీద అదుపు సరిగ్గా లేని ఈ పిల్లలకు అది ప్రమాదం. మెడ వెనక్కి వాలితే గాలిగొట్టం దారి తెరుచుకుని పాలు, అన్నం ఊపిరితిత్తుల్లోకి జారతాయి. ముక్కు మూసి పోయడం మరీ ప్రమాదం. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినా సరే, చేయనివ్వకండి.

కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. తుంటి, మోకాళ్లు, చీలమండలు మూడూ 90 డిగ్రీల్లో వంగి ఉండాలి. పాదాలు గాల్లో వేలాడితే ఒళ్లు బిగుసుకుని తల వెనక్కి పోతుంది, అందుకే కింద పీట వేయాలి. కాళ్లు కత్తెరలా పెనవేసుకుంటుంటే తొడల మధ్య తువ్వాలు చుట్టి పెట్టండి. గడ్డం కాస్త దించి ఉండాలి. మీరు ఎదురుగా, బిడ్డ కళ్ల ఎత్తులో కూర్చోండి. నిలబడి పెడితే మిమ్మల్ని చూడటానికి తల పైకెత్తేస్తారు.

చెంచా చిన్నదీ లోతు తక్కువదీ అయి ఉండాలి. సగమే నింపి, నాలుక మధ్యలో పెట్టి మెల్లగా అదమండి. పై పెదవి దిగి ముద్దను అందుకునేదాకా ఆగండి. పై పళ్లకు రాసి దులిపేస్తే ఆ పెదవి ఎప్పటికీ పని నేర్చుకోదు. కొందరు చెంచాను కరిచి పట్టేస్తారు. అది మొండితనం కాదు, దవడ తనంతట తానే బిగుసుకుపోవడం. లాగితే ఇంకా బిగుస్తుంది. తల కొంచెం ముందుకు వంచి, వదిలేదాకా ఓపిక పట్టండి. పలచటి ప్లాస్టిక్ చెంచా పుటుక్కున విరుగుతుంది, దాని జోలికి పోవద్దు. మందపాటి సిలికాన్‌ది మేలు.

నీళ్లు, చారు నోట్లో అదుపులో ఉండవు. అంతకన్నా కష్టం మెతుకులు తేలే మజ్జిగన్నం, సాంబారు ఇడ్లీ: మెతుకు నమిలేలోపే పలచటిది గొంతులోకి జారిపోతుంది. పప్పన్నం పలుకు లేకుండా మెదిపి, చెంచా వంచితే కారిపోనంత చిక్కగా పెట్టండి. అందులో 5 మి.లీ. నెయ్యి గానీ నూనె గానీ కలిపితే 40కి పైగా కేలరీలు అందుతాయి. కొద్దిగానే తినగలిగే బిడ్డకు అది పెద్ద ఆసరా.

నీళ్లకు మెత్తటి ప్లాస్టిక్ గ్లాసు అంచును ముక్కు తగలకుండా అర్ధచంద్రంలా కత్తిరించి నున్నగా చేయండి. రెండోవైపు నుంచి తాగిస్తే తల ఎత్తక్కర్లేదు.

పూటకు 30 నిమిషాలు చాలు. అలసిపోయాక పెట్టిందే ఎక్కువగా పొరబోతుంది. కొద్దికొద్దిగా రోజుకు 5, 6 సార్లు పెట్టండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. ఫిట్స్ వచ్చిన వెంటనే, మందు మత్తులో ఉన్నప్పుడు అసలు పెట్టొద్దు.

తింటుంటే దగ్గు, గొంతులో గురగుర, కళ్ల నీళ్లు వస్తుంటే స్పీచ్ థెరపిస్టుకు (మాటతో పాటు మింగడంలో ఇబ్బందులనూ చూసే నిపుణులు) చూపించాలి. పెదవులు నీలంగా మారితే తినిపించడం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొందరికి దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాటిమాటికీ న్యుమోనియా వస్తుంటే అదే అనుమానించాలి. థెరపిస్టు దగ్గరికి వెళ్లేముందు ఒక పూట తినిపించడం ఫోనులో పక్క నుంచి వీడియో తీయండి, మెడ, గడ్డం కనపడేలా.