కోర్సు రికార్డు చేసే ముందు ఒకసారి లైవ్‌లో చెప్పి చూడండి

మీకు బాగా వచ్చిన పనిని ఆన్‌లైన్ కోర్సుగా పెట్టాలనుకుంటే, కెమెరా కొనడంతో మొదలుపెట్టకండి. ముందు ఆ విషయం అస్సలు తెలియని నలుగురైదుగురికి వీడియో కాల్‌లో నేర్పండి. వాళ్లు ఎక్కడ ఆగారో, ఏ మాటకి అర్థం అడిగారో అప్పటికప్పుడు రాసుకోండి. ఏళ్ల తరబడి చేసిన పనిలో మనకి చెప్పాలనే తోచని చిన్న మెట్లు చాలా ఉంటాయి. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే తడబడతారు. ఆ ప్రశ్నలే మీ పాఠాల పేర్లు.

నేను మొదటిసారి ఇలా చేయకుండా నేరుగా రికార్డు చేశాను. సగం పాఠాలు మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ శ్రమ మీకు వద్దు.

ఒక వీడియోలో ఒకే పని నేర్పండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల సైట్‌లోని కోర్సుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, 6 నిమిషాల లోపు వీడియోలనే ఎక్కువ శ్రద్ధగా చూశారని తేలింది. బొమ్మ కాస్త అటూఇటూ ఉన్నా సర్దుకుంటారు గానీ, మాట గరగరలాడితే ఎవరూ వినరు. అందుకే డబ్బు పెడితే కాలర్ మైక్ మీద పెట్టండి. ఫ్యాన్ ఆపేసి, బట్టలూ పరుపులూ ఉన్న గదిలో కూర్చుంటే ప్రతిధ్వని బాగా తగ్గుతుంది.

ఎవరైనా తమ కోర్సు అమ్ముకోగలిగే యుడెమీ సైట్‌లో పెట్టాలంటే కనీసం 30 నిమిషాల వీడియో, 5 పాఠాలు ఉండాలి. అంతతోనే మొదలుపెట్టి, మిగతావి విద్యార్థులు అడిగేదాన్ని బట్టి చేర్చుకుంటూ వెళ్లండి.