కఫ్ ప్రెషర్ దానంతటదే పెరిగితే నేనేం చేశానంటే

మూడు గంటల ఆపరేషన్. శ్వాసనాళంలో ట్యూబు వేసి, దాని చివర చుట్టూ ఉండే బుడగలాంటి కఫ్‌లో గాలి నింపి, పీడనం కొలిచే మానోమీటరుతో చూసి 25 సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర ఆపాను. గంట తర్వాత ఎందుకో అనుమానం వచ్చి మళ్లీ చూస్తే ముల్లు 40 దాటింది! నేను అదనంగా గాలేమీ ఎక్కించలేదు.

కారణం మత్తు కోసం ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్. కఫ్ పల్చటి గోడలోంచి అది లోపలికి చేరిపోతుంది. లోపలున్న నైట్రోజన్ మాత్రం అంత త్వరగా బయటికి పోదు. 30 దాటితే శ్వాసనాళం లోపొరకు రక్తం సరిగా అందదు, నా టెన్షనంతా అదే.

కఫ్‌లోని గాలిని సిరంజితో కొంచెం కొంచెంగా తీసి మళ్లీ 25కి తెచ్చాను. ఆ తర్వాత అరగంటకోసారి చూస్తూనే ఉన్నాను. నైట్రస్ ఆపేశాక ఆ గ్యాస్ బయటికొచ్చి కఫ్ వదులవుతుంది, అప్పుడు ట్యూబు పక్కనుంచి గాలి లీకవుతోందేమో కూడా చూసుకోవాలి. కఫ్‌కు కలిపి బయట ఉండే చిన్న బెలూన్‌ను వేళ్లతో నొక్కి సరిపోయిందనుకోవడం పూర్తిగా మానేశాను.