గాజులో పగులు వేగాన్ని కొలవడం: డబుల్ టోర్షన్ పరీక్ష

గాజు ఏ లోడుకు విరుగుతుందో తెలిస్తే సగం సంగతే తెలిసినట్టు. ఆ లోడుకు బాగా తక్కువలోనే, కాస్త తేమ తగిలితే చాలు, పగులు మెల్లగా పాకుతుంది. పగులు కొన దగ్గర సాగి ఉన్న సిలికాన్-ఆక్సిజన్ బంధాలతో నీటి అణువులు చర్య జరిపి వాటిని తెంపేస్తాయి. ఈ పాకుడు వేగాన్ని కొలవడానికి అనువైన పద్ధతి డబుల్ టోర్షన్. పలక ఒక చివర మధ్యలో గాటు పెట్టి, ఆ గాటుకు అటూ ఇటూ నొక్కుతాం. రెండు సగాలూ ఎదురెదురు దిశల్లో మెలితిరుగుతాయి, పగులు మధ్యగీత వెంట సాగుతుంది. ఇందులో పెద్ద సుఖం ఏమిటంటే పగులు పొడవు లెక్కలోకి రాదు: లోడు మారకపోతే కొన దగ్గరి స్ట్రెస్ ఇంటెన్సిటీ (పగులు కొన దగ్గర ఒత్తిడి ఎంత తీవ్రంగా పోగయిందో చెప్పే కొలత) కూడా మారదు.

స్ట్రెస్ ఇంటెన్సిటీ = లోడు × భుజం × √[3(1 + పాయిజాన్ నిష్పత్తి) ÷ (వెడల్పు × మందం⁴)]

భుజం అంటే కింది ఆధారపు గోళీకి, అదే వైపున్న పై గోళీకి మధ్య అడ్డంగా ఉన్న దూరం. ఈ సూత్రం పగులుకు దారిగా మధ్యగీత వెంట గాడి తీయని పలకకు. వెడల్పు మందానికి కనీసం 12 రెట్లు, పొడవు వెడల్పుకు కనీసం 2 రెట్లు ఉండాలి. సోడా-లైమ్ గాజులో (కిటికీలకూ సీసాలకూ వాడే మామూలు గాజు) 75 × 25 × 2 మి.మీ. పలక దీనికి సరిపోతుంది. కింద రెండు గోళీలు 23 మి.మీ. ఎడంగా, పైన రెండు 3 మి.మీ. ఎడంగా పెడితే భుజం 10 మి.మీ. పాయిజాన్ నిష్పత్తి (పదార్థం ఒక దిశలో సాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పే అంకె) 0.22 వేస్తే ఒక్కో న్యూటన్‌కు 0.030 మెగాపాస్కల్·√మీటర్ వస్తుంది. సోడా-లైమ్ గాజు పగులు నిరోధం, అంటే అది తటాలున విరిగే స్ట్రెస్ ఇంటెన్సిటీ, అవే యూనిట్లలో సుమారు 0.75, కాబట్టి దాదాపు 25 న్యూటన్లకు పలక తటాలున పోతుంది. మీ పరీక్షంతా దాని కింద, 0.35 నుంచి 0.6 మధ్య నడుస్తుంది.

పలక సిద్ధం చేయడం

కోసిన పలకల అంచులను సన్న ఎమెరీ కాగితంతో నీళ్లు పోస్తూ నునుపు చేయండి. తర్వాత లోపలి ఒత్తిడి పోయేలా కాచి మెల్లగా చల్లార్చే ఎనీలింగ్: 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచి, నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 450 దాకా దించి, ఆపైన కొలిమి ఆపేసి దానంతట దాన్నే చల్లారనివ్వండి. రెండు పోలరాయిడ్లను అడ్డంగా పెట్టి మధ్యలో పలకను చూడండి; వెలుగు మచ్చలు కనిపిస్తే లోపల ఒత్తిడి మిగిలే ఉంది, మళ్లీ కొలిమికి పంపండి. ఫ్లోట్ గాజైతే (కరిగిన తగరం మీద తేల్చి చేసిన గాజు) తగరం తగిలిన ముఖం అన్ని పలకల్లోనూ ఒకే వైపు ఉండాలి.

ఇప్పుడు మందం. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ, దెబ్బతినేదీ ఇక్కడే. సూత్రంలో మందం వర్గమై కూర్చుంటుంది. నీటిలో సోడా-లైమ్ గాజు పగులు వేగమేమో స్ట్రెస్ ఇంటెన్సిటీకి సుమారు 16వ ఘాతంలో పెరుగుతుంది. మందంలో 1 శాతం తప్పితే స్ట్రెస్ ఇంటెన్సిటీలో 2 శాతం, వేగంలో 37 శాతం తప్పు. మైక్రోమీటర్‌తో మధ్యగీత వెంట కనీసం అయిదు చోట్ల కొలవండి. కొలతల మధ్య 0.01 మి.మీ. మించి తేడా ఉన్న పలకను పక్కన పెట్టేయడమే మేలు.

గాటుకు 0.3 మి.మీ. డైమండ్ బ్లేడు వాడి, కింది ముఖం వైపు నుంచి 10 మి.మీ. పొడవు కోయండి. బ్లేడు గుండ్రంగా ఉంటుంది కనుక గాటు చివర వాలుగా తేలి పల్చటి గాజు మిగులుతుంది. దాన్ని తీసేయకండి, పగులు తక్కువ లోడుకే అక్కడ మొదలవుతుంది.

తొలి పగులు

పలకను గోళీలు అమర్చిన ఫిక్స్చర్‌లో పెట్టి, గాటులో ఒక బొట్టు నీళ్లు వేసి, యంత్రంతో నిమిషానికి 0.05 మి.మీ. చొప్పున నొక్కండి. లోడు పెరుగుతూ పెరుగుతూ చటుక్కున పడిపోతుంది. ఆ క్షణమే ఆపాలి. పగులు కొన పలక గాటు చివర నుంచి 15 మి.మీ. దాటి ఉంటే మంచిది. స్ట్రెస్ ఇంటెన్సిటీ పొడవుతో సంబంధం లేకుండా ఉండేది ఈ కొలతల పలకలో సుమారు 14 నుంచి 58 మి.మీ. దాకానే; ఆ అవతలి రీడింగులు లెక్కలోకి తీసుకోవద్దు. మొదటి దూకులోనే పగులు సగం పలక దాటితే గాటు కొన మొద్దుగా ఉందని అర్థం. పక్కకు వంగితే గోళీలు మధ్యగీతకు సమదూరంలో లేవు, లేదా ఒక గోళీ మీదే బరువంతా పడుతోంది. పై గోళీలను పట్టి ఉంచే దిమ్మను ఒకే కేంద్ర గోళీ మీద ఊగేలా పెడితే బరువు రెండింటికీ సమంగా పడుతుంది.

యంత్రమా, తూకం బరువులా?

చాలామంది లోడు సడలింపు పద్ధతికి వెళతారు: కదలిక ఆపి, పగులు పాకుతున్నకొద్దీ లోడు తగ్గడాన్ని రికార్డు చేసి, ఒకే పలక మీద వేగం, స్ట్రెస్ ఇంటెన్సిటీల వక్రమంతా రాబడతారు. కాగితం మీద అందంగా ఉంటుంది. కానీ 20 మి.మీ. పగులున్న ఈ పలక ఒక్కో న్యూటన్‌కు వంగేది సుమారు 1 మైక్రాన్. 300 మి.మీ. ఉక్కు స్తంభం 1 డిగ్రీ వేడెక్కితే 3.6 మైక్రాన్లు సాగుతుంది. గది ఏసీ ఆడినా ఆగినా పగులు పరుగెత్తినట్టు, వెనక్కి వచ్చినట్టు గ్రాఫులో కనిపిస్తుంది. నెమ్మది వేగాలకు తూకం బరువులే నమ్మదగినవి. స్ట్రెస్ ఇంటెన్సిటీ 0.40కి 1.35 కిలోలు, 0.50కి 1.69 కిలోలు (బరువు వేలాడే చట్రం తూకం కూడా ఇందులో కలపాలి). బరువు కింద చిన్న జాక్ పెట్టి, దాన్ని మెల్లగా దించుతూ లోడు వేయండి. చేత్తో వదిలితే కుదుపుకే పలక పోతుంది.

పలకను స్వేదనజలంలో ముంచి, నీటి ఉష్ణోగ్రత 1 డిగ్రీ అటూ ఇటూ దాటకుండా చూడండి. గాలిలో చేయాలంటే మూసిన పెట్టెలో సంతృప్త ఉప్పు ద్రావణం పెట్టండి: 25 డిగ్రీల దగ్గర మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం, మామూలు ఉప్పు 75 శాతం సాపేక్ష తేమ ఇస్తాయి. గాలిలో ఒక దశ తర్వాత లోడు పెంచినా వేగం పెద్దగా పెరగదు. అది పరికరం లోపం కాదు, పగులు కొనకు నీటి ఆవిరి చేరే వేగమే అక్కడ హద్దు.

ట్రావెలింగ్ మైక్రోస్కోపును (స్కేలు వెంట జరిపి దూరాలు కొలిచే సూక్ష్మదర్శిని) కింది ముఖం మీద ఫోకస్ చేసి, పక్క నుంచి వాలుగా దీపం వేస్తే పగులు మెరిసే పట్టీలా కనిపిస్తుంది. ప్రతి లోడు దగ్గరా కనీసం 1 మి.మీ. సాగే దాకా ఆగండి. వేగం సెకనుకు 1 మైక్రాన్ ఉంటే 17 నిమిషాలు, సెకనుకు 0.01 మైక్రాన్ ఉంటే 28 గంటలు. ఎప్పుడూ తక్కువ లోడు నుంచి ఎక్కువకే వెళ్లండి. లోడు బాగా తగ్గించి ఉంచితే పగులు కొన మారిపోతుంది. మళ్లీ పెంచినా కొంతసేపు కదలక మొరాయిస్తుంది, ఆ సమయం వేగాన్ని తప్పుగా తక్కువ చూపిస్తుంది.

లెక్క

పగులు ముందంచు నిటారుగా ఉండదు. కింది ముఖం మీద ముందుంటుంది, పైన వెనకబడుతుంది. పరీక్షయ్యాక పలకను విరిచి, లోడు మార్చిన చోట్ల పడిన గీతలను చూస్తే ఆ తేడా తెలుస్తుంది. ముందంచుకు లంబంగా వేగం కావాలంటే కొలిచిన వేగాన్ని మందం ÷ √(మందం² + తేడా²) తో గుణించాలి. 2 మి.మీ. మందానికి తేడా 5 మి.మీ. అయితే ఆ గుణకం 0.37. సవరణ చేశారో లేదో ఫలితం పక్కన తప్పక రాయండి, లేకపోతే ఇతరుల అంకెలతో పోల్చలేరు.

వేగం, స్ట్రెస్ ఇంటెన్సిటీ రెండింటికీ లాగరిథమ్ తీసి గీత గీస్తే దాని వాలే ఘాతం. కనీసం ఆరు లోడులు, ఒక్కోదానికి మూడు పలకలు ఉండాలి. నీటిలో 16 నుంచి 20 మధ్య వస్తే సరే. 8 వచ్చిందా, గోళీల దగ్గర రాపిడినీ ఫిక్స్చర్ అమరికనూ చూడండి. 40 వచ్చిందా, లోడులు మరీ తక్కువగా ఉన్నాయేమో చూడండి, స్ట్రెస్ ఇంటెన్సిటీ సుమారు 0.25 దగ్గరికి వస్తే పగులు పూర్తిగా ఆగిపోతుంది, ఆ దాపున గీత నిట్టనిలువుగా దిగుతుంది.

అల్యూమినాలాంటి ముతక రేణువుల సిరామిక్‌కు ఇదే ఫిక్స్చర్ వాడవచ్చు గానీ, పగులు వెనక రేణువులు రెండు ముఖాలనూ పట్టి ఉంచుతాయి, పగులు పొడవు పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంది. అక్కడ ఒకే లోడు దగ్గర వేగం తగ్గుతూ పోతే ఆశ్చర్యపోకండి. ఏ పొడవు దగ్గర కొలిచారో ప్రతి రీడింగు పక్కనా రాసుకోండి.